ఎండాకాలం టైమింగు

ఆ దుంగని కాస్త లోపలికి నెట్టు నాన్నా, పొగ ఇటే కొడుతోంది. పొద్దున నువ్వు ల్యాప్‌టాప్‌లో నీ కారు కంప్యూటర్‌కి పెట్టే పట్టిక ఒకటి చూపించావు కదా, లోపలికెళ్లే గాలి ఇంత వేడిగా ఉంటే స్పార్కును ఇన్ని డిగ్రీలు వెనక్కి లాగమని. అది చూసినప్పట్నుంచీ నాకు మా మేస్త్రీ గుర్తొస్తున్నాడు. ఆ పట్టికంతా ఆయన తలలోనే ఉండేది. కాగితం మీద ఒక్క అంకె వేసి ఎరగడు. శివరాత్రి వెళ్లాక షెడ్డుకొచ్చిన ప్రతి ట్యాక్సీకి డెల్కో, అదే ప్లగ్గులకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్, తిప్పేవాడు, దసరా దాటాక మళ్లీ తిప్పేవాడు. ఎందుకో తెలియడానికి నాకు చాలా కాలమే పట్టింది.

బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డు మాది. నేను పనికి చేరేనాటికి కారంటే అంబాసిడర్, లేదంటే ఫియట్. ఆ ఫియట్‌కే తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది. మాకొచ్చేవాటిలో ముప్పాతిక వంతు ట్యాక్సీలే. వేసవిలో పెళ్లిళ్లు, తిరుపతి మొక్కులు. అంబాసిడర్‌లో ఎనిమిది మంది, పైన క్యారియర్ నిండా పరుపుచుట్టలు, బిందెలు. మే నెల ఎండలో అలిపిరి దాటి ఘాటు ఎక్కడం మొదలెట్టగానే ఇంజిన్ టకటకా కొట్టేది. తిరిగొచ్చిన డ్రైవర్లు షెడ్డులో వరసగా ఇదే మాట. "సంక్రాంతికి ఇదే బండి ఇదే కొండ ఎక్కింది మేస్త్రీగారూ, చిన్న చప్పుడు కూడా లేదు. ఇప్పుడేమైంది?"

ఆయన ప్లగ్గులు విప్పి చూసేవాడు, పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజితో చూసేవాడు, అన్నీ సరిగానే ఉండేవి. "బండికేం కాలేదు, గాలి మారింది" అనేవాడు.

నీకు తెలిసిందే అయినా మొదట్నుంచీ చెప్తాను, పక్కన చిన్నవాడు కూడా వింటున్నాడు. పిస్టన్ పైకొచ్చి గాలినీ పెట్రోలునీ నొక్కుతుంది. ప్లగ్గు దగ్గర నిప్పు పుడుతుంది. ఆ నిప్పు సిలిండరంతా పాకడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ 18 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకని పిస్టన్ టాప్‌కి రాకముందే స్పార్కు ఇవ్వాలి. టాప్ దాటి పదిహేను డిగ్రీలు తిరిగేసరికి లోపల ఒత్తిడి పతాకస్థాయికి రావాలి, అప్పుడే తోపు పూర్తిగా దక్కుతుంది. ముందే ఇస్తే ఇంకా పైకొస్తున్న పిస్టన్ మీద ఒత్తిడి పడుతుంది. ఆలస్యంగా ఇస్తే మండాల్సిందంతా పిస్టన్ దిగిపోతుంటే మండి, ఆ వేడి సైలెన్సర్ దారి పడుతుంది.

ఇంజిన్ వేగం పెరిగితే స్పార్కు ముందుకు జరగాలి. దానికి డెల్కోలో చిన్న దిమ్మలు, స్ప్రింగులు ఉండేవి. తిరిగే జోరుకు దిమ్మలు బయటికి విచ్చుకుని క్యామ్‌ను ముందుకు తిప్పేవి. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు మిశ్రమం పల్చగా ఉండి నిదానంగా మండుతుంది, అప్పుడూ ముందుకు జరగాలి. దానికి పక్కనే వాక్యూమ్ డబ్బా. ఈ రెండూ బండి తనంతట తాను చూసుకునేది. మూడోది గాలి వేడి. దానికి డెల్కోలో ఏ ఏర్పాటూ లేదు. ఇంగ్లండులో గీసిన డెల్కో అది, అక్కడి చలికీ మన రెంటచింతల ఎండకీ పొంతన ఎక్కడిది! ఆ మూడోది మెకానిక్ చెయ్యాల్సిందే.

వేడిగాలికి ఇంజిన్ ఎందుకు కొడుతుందంటావా? కొట్టడమంటే ఏంటో ముందు తెలియాలి. నిప్పు ప్లగ్గు దగ్గర పుట్టి అవతలి అంచు దాకా పాకుతుంది కదా. పాకుతున్నంతసేపూ వెనకున్న మండిన వాయువు ఉబ్బుతూ, ఇంకా మండని మిశ్రమాన్ని ఒక మూలకి నొక్కేస్తుంది. ఆ మూల మిశ్రమం మంట తనదాకా వచ్చేవరకూ ఆగాలి. ఆగలేనంత వేడెక్కితే ఒక్కసారిగా అదే అంటుకుంటుంది. అలా అంటుకున్నప్పుడు పుట్టే ఒత్తిడి అల గోడలకి తగిలి మోగే మోతే మనం వినేది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో హ్యారీ రికార్డో అనే ఇంజినీరు దీని వెంటపడి, చివర మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకోవడమే కారణమని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత కంప్రెషన్‌ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోగల ఇంజిన్ ఒకటి కట్టించి, ఏ పెట్రోలు ఎంత నొక్కుడుకి ఆగుతుందో కొలిచి చూశాడు. ఆక్టేన్ లెక్కలకి దారి వేసింది ఆ పనే.

ఇప్పుడు వేడి సంగతి. ఎనిమిదో వంతుకి నొక్కే ఇంజిన్‌లోకి 30 డిగ్రీల గాలి వెళ్లిందనుకో, నొక్కడం పూర్తయ్యేసరికి అది దాదాపు 290 డిగ్రీలవుతుంది. అదే 60 డిగ్రీల గాలి వెళ్తే 350 దగ్గరికి చేరుతుంది. బయట 30 డిగ్రీల తేడా లోపల 55 అయి కూర్చుంటుంది. నిప్పు పుట్టకముందే ఇంత తేడా. ఆపైన మంట ఇంకా నొక్కుతుంది. మిశ్రమం తనంతట తాను అంటుకోవడానికి పట్టే సమయం వేడితోపాటు నిదానంగా తగ్గదు నాన్నా, గబగబా పడిపోతుంది. అందుకే నలభై దాకా నోరెత్తని బండి నలభై అయిదు దాటగానే గోల పెడుతుంది. స్పార్కును కాస్త వెనక్కి లాగితే ఒత్తిడి శిఖరం తగ్గుతుంది, ఆ మూల మిశ్రమానికి నొక్కుడు తగ్గుతుంది, మంట చేరేదాకా ఆగగలుగుతుంది. నీ పట్టికలో ఉన్నదంతా ఇదే.

ఇక మేస్త్రీ పద్ధతి చెప్తాను. పొద్దున్నే ఎవరైనా టైమింగు పెట్టమని వస్తే వాళ్లని కూర్చోబెట్టేవాడు. "టీ తాగు, అన్నం తిను, పన్నెండు దాటనీ" అనేవాడు. వచ్చినవాళ్లకి విసుగు. ఆయన మాత్రం చల్లటి పొద్దున పెట్టిన టైమింగుతో మధ్యాహ్నం కొండెక్కించడం ఇంజిన్‌కి అన్యాయం చెయ్యడమేనని నమ్మాడు. ఎండ మాడ్చేటప్పుడు బండిలో ఇసుక బస్తాలు వేయించి, గన్నవరం రోడ్డు మీద టాప్ గేరులో ముప్పై కిలోమీటర్ల వేగానికి తెచ్చి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమనేవాడు. అద్దాలు దించి చెవి పెట్టేవాడు. సన్నగా ఒకటి రెండు టిక్కులు వినిపించి, బండి అందుకోగానే పోవాలి. అసలు వినపడకపోతే ఇంకా వెనక ఉన్నట్టు, పోకుండా మోగుతుంటే ముందున్నట్టు.

ఆ పాత లూకాస్ డెల్కోల్లో కొన్నిటికి పక్కన గళ్లు చెక్కిన చిన్న నట్టు ఉండేది. ఒకవైపు ఏ, ఒకవైపు ఆర్ అని గుర్తులు. వేలితో తిప్పితే టిక్ టిక్‌మనేది. పదకొండు టిక్కులకి ఒక డిగ్రీ. యాభై అయిదు టిక్కులకి స్కేలు మీద ఒక గీత, అంటే అయిదు డిగ్రీలు. క్లాంపు వదులు చెయ్యక్కర్లేదు, పానా అక్కర్లేదు. అంత నాజూకైన ఏర్పాటు ఆ రోజుల్లోనే పెట్టిన మనిషికి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను. మేస్త్రీ ఆ నట్టు మీద వేలు పెట్టి రోడ్డు పక్కనే తిప్పి, మళ్లీ తోలించేవాడు. ఎండాకాలానికి చాలా బళ్లకి రెండు మూడు డిగ్రీలకి మించి తియ్యలేదాయన. అంత తక్కువా అని నువ్వు అనుకోవచ్చు. ఎందుకంత పొదుపో చెప్తాను.

ఒక డ్రైవరు ఉండేవాడు, గుంటూరు వైపు మనిషి. బండి కొడుతోందని దారిలో ఎవరి చేతో డెల్కోని బాగా వెనక్కి తిప్పించాడు. చప్పుడు పోయింది, సంతోషించాడు. వారం తిరక్కుండా రేడియేటర్ మరుగుతోందని వచ్చాడు. నీళ్లు పోస్తాడు, పది మైళ్లకి మళ్లీ ఆవిరి. పెట్రోలు తెగ తాగుతోంది. రేడియేటర్ గొట్టాలు శుభ్రం చేయించాడు, థర్మోస్టాట్ తీసి పారేశాడు, ఏమీ లాభం లేదు. మేస్త్రీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు చూసి, టైమింగు చూసి, ఏడెనిమిది డిగ్రీలు తిరిగి ముందుకి ఇచ్చాడు. మరగడం ఆగిపోయింది. ఆలస్యంగా మండిన మంట పిస్టన్‌ని తొయ్యకుండా ఎగ్జాస్ట్ వాల్వులనీ పోర్టులనీ కాలుస్తుంది. ఆ పోర్టుల చుట్టూ తిరిగేది రేడియేటర్ నీళ్లేగా. ఎండకి భయపడి స్పార్కును మరీ వెనక్కి లాగితే ఆ ఎండకే ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. ఇది నీ తరం వాళ్లు కూడా మరిచిపోతుంటారు. అంకె మార్చడం తేలికైపోయింది కదా, మైనస్ ఎనిమిదీ మైనస్ పదీ అని కొట్టేసి ధైర్యంగా ఉంటారు.

రెండో వైపు కూడా చూశాను. కొడుతున్నా లెక్కచెయ్యకుండా వేసవంతా తిప్పిన బండి ఒకటి పొగ కక్కుతూ వచ్చింది. హెడ్డు విప్పితే ఒక పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టు తినేసి ఉంది, రింగు ముక్కలైంది. ప్లగ్గు పింగాణీ మీద మెరిసే సన్నటి చుక్కలు, పిస్టన్ అల్యూమినియమే అక్కడ అతుక్కుంది. అప్పట్నుంచీ ఏ ఇంజిన్ ప్లగ్గు విప్పినా ముందు ఆ చుక్కల కోసమే చూస్తాను. నువ్వూ చూడు. సెన్సార్ చెప్పినా సరే, ప్లగ్గు విప్పి భూతద్దం పెట్టి చూడు.

పెట్రోలు సంగతి కూడా కలుపుకోవాలి. అప్పట్లో మామూలు పెట్రోలు 87 ఆక్టేన్, ఖరీదైనది 93. పైగా కొన్నిచోట్ల కిరసనాయిలు కలిపి పోసేవాళ్లు. కిరసనాయిలు పడితే ఏ చలికాలమైనా కొడుతుంది. మేస్త్రీ కార్బొరేటర్ నుంచి చెంచాడు పట్టి వాసన చూసి, గాజు పలక మీద పోసి ఆరనిచ్చేవాడు. జిడ్డు మిగిలితే డెల్కో ముట్టుకునేవాడు కాదు, ట్యాంకు ఖాళీ చెయ్యమనేవాడు. గాలి వేడికి చెయ్యాల్సిన సవరణని కల్తీకి చెయ్యకూడదని ఆయన పట్టుదల.

ఇంతకీ ఆయన దగ్గర నేను నేర్చుకున్న అసలు సంగతి నట్టు తిప్పడం కాదు. ఒక వేసవిలో పాలకేంద్రంలో పనిచేసే మనిషి దగ్గర గాజు థర్మామీటర్ ఒకటి అడిగి తెచ్చాడు. బానెట్ కింద ఎయిర్ క్లీనర్ మూతి దగ్గర వైరుతో కట్టి, ఊరంతా తిప్పి తెచ్చాడు. బయట నలభై రెండు ఉంటే, మూతి దగ్గర అరవై దాటింది. మేమంతా బయటి ఎండని తిట్టుకుంటున్నాం, ఇంజిన్ మాత్రం తన ఒంటి వేడిని తానే పీల్చుకుంటోంది! ఆయన రేకుతో ఒక గొట్టం చుట్టించి, ముందు గ్రిల్ దగ్గర్నుంచి ఎయిర్ క్లీనర్ మూతి దాకా వేశాడు. అదే బండి, అదే మధ్యాహ్నం, అదే టైమింగు. చప్పుడు సగానికి సగం పోయింది. ముందు గాలి సంగతి చూసి, తగ్గించగలిగినంత వేడి తగ్గించి, మిగిలిందానికే స్పార్కును వెనక్కి లాగాలి. నువ్వు ఇవాళ చేస్తున్న పనిలో కూడా వరస ఇదే ఉండాలని నేను గట్టిగా అంటాను.

చల్లగాలికి బలం కూడా ఉంది. 20 డిగ్రీల గాలి కంటే 50 డిగ్రీల గాలి దాదాపు తొమ్మిది శాతం పల్చన. అంటే వేసవిలో టైమింగు ఎంత బాగా పెట్టినా ఆ తొమ్మిది శాతం బలం రాదు, గాలే లేదు కాబట్టి. గొట్టం వేసి చల్లగాలి ఇస్తే ఆ బలమూ వచ్చింది, టైమింగూ మిగిలింది.

మరి చలికాలంలో ఇంకా ముందుకి ఇవ్వొచ్చు కదా అని అడుగుతావు. లంబసింగి వైపు పుష్యమాసం తెల్లవారుజామున బండి తీసుకెళ్తే ముక్కులోంచి గాలి పోవడమే కష్టం. అక్కడ కొట్టే భయం తక్కువే. కానీ ఇంజిన్‌కి కావలసినంత అడ్వాన్స్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఇంకా ఇచ్చినందువల్ల వచ్చే బలం ఏమీ లేదు. పైగా చల్లగాలి చిక్కన, సిలిండర్‌లోకి ఎక్కువ పడుతుంది, ఒత్తిడి ఎక్కువ. మేస్త్రీ దసరా దాటాక ఎండాకాలానికి తీసినంతే తిరిగి ఇచ్చేవాడు, ఒక్క టిక్కు ఎక్కువ ఇచ్చేవాడు కాదు. కొన్ని కార్లకి ఎయిర్ క్లీనర్ మూతినే రెండువైపులకి తిప్పుకునే వీలుండేది, వేసవికి ఒకవైపు, చలికి ఒకవైపు. చలివైపు తిప్పితే ఎగ్జాస్ట్ దగ్గరి వేడిగాలి పీలుస్తుంది, తేమ గాలికి కార్బొరేటర్‌లో మంచు కట్టకుండా. మన కోస్తాలో దాంతో పని ఉండదు. కానీ ఎవరో కడిగి బిగించేటప్పుడు చలివైపు పెట్టేసేవాళ్లు. మే నెలలో కొడుతోందని వచ్చిన ఎన్నో బళ్లకి జబ్బు అదే. డెల్కో దాకా వెళ్లక్కర్లేకుండా మూతి తిప్పి పంపేవాళ్లం.

ఘాటు మీద ఇంకో సంగతి గమనించేవాణ్ణి. అలిపిరి దగ్గర మొదట్లో గట్టిగా కొట్టిన బండి, కొండ పైకెళ్లేకొద్దీ తగ్గించేది. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్లకు పైనే. అక్కడికెళ్లేసరికి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో దాదాపు పదో వంతు తగ్గుతుంది, చల్లబడుతుంది కూడా. సిలిండర్‌లో పడేదే తక్కువ, అందుకని మోత తక్కువ. నీ కంప్యూటర్‌లో వేడికి ఒక వరస, లోడుకి ఒక వరస కలిపి పట్టిక వేస్తారంటే నాకు వెంటనే ఆ కొండే గుర్తొచ్చింది. వేడి ఒక్కటే చూస్తే చాలదు.

1983లో మారుతి వచ్చాక మెల్లగా మా పని మారింది. 2000 నాటికి సీసం లేని పెట్రోలు దేశమంతా వచ్చింది, కొత్త బళ్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్టర్లు వచ్చాయి, డెల్కో కూడా పోయింది. గాలి దారిలో చిన్న సెన్సారు పెట్టారు. మొదటిసారి దాన్ని విప్పి మల్టీమీటర్ పెట్టి చూశాను. చల్లగా ఉంటే రెండున్నర వేల ఓమ్‌ల దాకా చూపించింది, కింద దీపం పెడితే కొన్ని వందలకి పడిపోయింది. మేస్త్రీ థర్మామీటర్‌ని ఎట్టకేలకి బండిలోనే బిగించారని ఎంత ఆనందపడ్డానో!

అయితే ఆ సెన్సారు ఎక్కడుందో చూడకుండా నీ పట్టికని నమ్మకు. నువ్వు రాత్రి హైదరాబాదు నుంచి వస్తూ సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగావా? తిరిగి స్టార్ట్ చేసినప్పుడు గాలి వేడి ఎంత చూపించింది? డెబ్భై అన్నావు. బయట చలి! సెన్సారు మానిఫోల్డ్ ఇనుముకి బిగించి ఉంటే, ఆగినప్పుడు ఇంజిన్ వేడంతా దాంట్లోకి ఎక్కుతుంది. బయల్దేరాక గాలి చల్లబడినా సెన్సారు ఇంకా కొంతసేపు వేడి అనే చెప్తుంది. కంప్యూటర్ దాని మాట నమ్మి స్పార్కును వెనక్కి లాగుతుంది, బండి మొద్దులా నడుస్తుంది. నువ్వు దాన్ని చూసి పట్టికలో అంకెలు తగ్గిస్తావు. మే నెలలో నిజంగానే డెబ్భై అయిన రోజున ఆ తగ్గించిన అంకెలే పిస్టన్ తినేస్తాయి. అందుకని ముందు సెన్సారుని గాలి పారే ప్లాస్టిక్ గొట్టంలోకి మార్చు, ఇంటర్‌కూలర్ దాటాక, ఇంజిన్ ఇనుముకి దూరంగా.

నీది టర్బో కాబట్టి వేడి ఇంకా ఎక్కువ. 45 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే అది 140 దాటుతుంది. ఇంటర్‌కూలర్ ఎంత మంచిదైనా 75 దగ్గరికి తెస్తుందేమో, బయటి గాలి కంటే చల్లగా మాత్రం చెయ్యలేదు. నీ అంకెలన్నీ ఏసీ గదిలో, జనవరిలో పెట్టినవి. కాబట్టి పట్టిక ఇలా వెయ్యి. నలభై దాకా సున్నా. కాలు తేలిగ్గా ఉన్న గడులన్నిట్లో, ఐడిల్‌లో, సున్నాకి దగ్గరే. అక్కడ కొట్టదు, ఊరికే వెనక్కి లాగితే ఇంజిన్ వేడెక్కుతుంది. కాలు పూర్తిగా తొక్కే గడుల్లోనే యాభైకి ఒకటో రెండో, అరవైకి మూడు, డెబ్భైకి అయిదారు. నీళ్ల వేడికి వేరే పట్టిక ఉంటే అదీ చూడు, కొట్టడాన్ని పసిగట్టే నాక్ సెన్సారు లాగేది చూడు. ఒకే వేడికి మూడు చోట్ల మూడు సార్లు తియ్యకు.

యాభై పైన ఉన్న గడులు ఇప్పుడు పరీక్షించలేం, ఈ చలిలో ఆ వేడి రాదు. వాటికి ఇంకో డిగ్రీ అదనంగా వెనక్కి పెట్టి ఉంచు. మే నెల సెలవులకి వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం గన్నవరం రోడ్డుకి తీసుకెళ్దాం. నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకో, నేను అద్దం దించి కూర్చుంటాను. వేడి అంకె నువ్వు చదువు, ఒక్కో డిగ్రీ తిరిగి ఇచ్చుకుంటూ పోదాం. నలుగురు మనుషులు ఎక్కాలి, లేకపోతే బస్తాలు వేద్దాం. ఖాళీ బండిలో పెట్టిన టైమింగు నేను ఒప్పుకోను.